మంచం సారు పెట్టమన్న పోటీ

ఆ ఆసుపత్రిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎదురుగా ఉన్నప్పుడు "సార్" అనేవాళ్ళు, పక్కకెళ్ళి "మంచం సారు" అనేవాళ్ళు. కొత్తగా చేరిన ఇంటర్న్ డాక్టర్లకి ఆయన ఏనాడూ తరగతి గదిలో పాఠం చెప్పలేదు. పొద్దున్నే వాళ్ళని వెంటేసుకుని వార్డుకి వెళ్ళడం, ఎవరో ఒక రోగి మంచం దగ్గర ఆగడం, తను కాళ్ళవైపు చేతులు కట్టుకుని నిలబడి "ఊఁ, చూడండి" అనడం. పాఠమంటే అదే. కుర్చీలో కూర్చుని వైద్యం నేర్చినవాడు రేపు కుర్చీలోంచే వైద్యం చేస్తాడని ఆయన వాదన. నడుం వంగే వయసొచ్చినా ఆ వాదన మాత్రం వంగలేదు.

ఆయన స్వతహాగా మెతక మనిషేం కాదు, పట్టుబట్టి మెతకబడ్డాడు. తను చదువుకునే రోజుల్లో ఒక గురువుండేవాడు. తప్పు చెబితే చాలు, రోగి ముందే, రోగి బంధువుల ముందే చెడామడా తిట్టిపోసేవాడు. ఒకసారి ఆ తిట్లు తిని, మెట్ల కింద కూర్చుని ఏడ్చిన రోజున ఈయన ఒట్టు పెట్టుకున్నాడు, తను గురువైతే ఏ పిల్లనీ ఏ పిల్లాణ్ణీ నలుగురిలో తలదించుకునేలా చెయ్యనని. ఆ ఒట్టు తప్పలేదు. ఎవరైనా దారి తప్పుతుంటే ఆయన నోరు మెదపడు. నుదురు కాస్త ముడిపడుతుంది. దారిలో పడగానే ముడి విడిపోతుంది. రోగికి తెలియదు, పిల్లల పరువు పోదు. ఇంత మర్యాదైన చదువు ఇంకెక్కడా దొరకదని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డ రోజున ఆయన ఇంటికెళ్ళి భార్యకి రెండుసార్లు చెప్పాడు.

ఇంతలో ఆసుపత్రిలోకి, రోగుల బదులు వాటిమీద నేర్చుకోమని, రబ్బరు బొమ్మలొచ్చాయి. ఊపిరి పీలుస్తాయి, చెమటలు కారుస్తాయి, మీట నొక్కితే మూలుగుతాయి. వాటికో చల్లటి గది, ఆ గదికో తాళం. ఇంకో కుర్ర అధ్యాపకుడు రోగుల కథలు ఫోన్లలోకి పంపి, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మీలో మీరే వాదించుకోండి అంటున్నాడు. మంచం సారు ఈ రెండింటినీ చూసి నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోకుండా చేసింది పెద్ద డాక్టరమ్మ. ఆసుపత్రి మొత్తానికి ఆవిడే పెద్ద, ఒకప్పుడు ఈయన శిష్యురాలే.

"వార్డులో జనం ఎక్కువైపోతున్నారు సార్, రోగులు విసుక్కుంటున్నారు. మీ క్లాసు కొంచెం తగ్గిద్దామా?" అంది, ఎంతో నెమ్మదిగా.

ఆయనకి ఒళ్ళు మండింది. "తగ్గించడమెందుకమ్మా, పోటీ పెట్టు. కొత్త బ్యాచిని మూడు జట్లు చెయ్యి. ఒకటి బొమ్మలకి, ఒకటి ఫోన్లకి, ఒకటి నాకు. చివర్లో అందరికీ ఒకటే పరీక్ష. నావాళ్ళు వెనకబడితే నువ్వు మూయక్కర్లేదు, నా క్లాసు నేనే మానేస్తాను."

ఆవిడ వద్దని చెప్పబోయింది. ఆయన వింటే కదా.

మూడు జట్ల పాఠాలూ ముగిశాక, పరీక్షకి ఒక చిన్న గది సిద్ధం చేశారు. లోపల మంచం, దానిమీద రోగిలా నటించడానికి పిలిపించిన ఒక నాటకాల మనిషి. ఇంటర్న్ ఒక్కరే లోపలికెళ్ళి, రోగిని పరీక్షించి, జబ్బేమిటో తేల్చి చెప్పాలి. పక్కగోడకి నల్లటి అద్దం. దాని వెనక కూర్చున్న గురువులు లోపల జరిగేదంతా చూడొచ్చు, లోపలివాళ్ళకి మాత్రం వీళ్ళు కనిపించరు.

బొమ్మల జట్టు వాళ్ళు పాఠం అప్పజెప్పినట్టు గడగడా కానిచ్చేశారు. రోగికి నొప్పి పుడుతోందా అని అడిగిన పాపాన పోలేదు. మంచం సారు పెదవి విరిచాడు. ఫోన్ల జట్టు వాళ్ళు అడ్డమైన ప్రశ్నలన్నీ వేసి రోగి ప్రాణం తోడేశారు. ఆయన ఇంకోసారి పెదవి విరిచాడు. అయితే ఆ రెండు జట్లలోనూ ఎక్కువమంది సరైన జవాబు దగ్గరికే చేరారు.

తరవాత ఆయన జట్టు. ముందొచ్చింది వాళ్ళలో మెరికలాంటి పిల్ల. రోగి చెయ్యి పట్టుకుంది, మెల్లగా అడిగింది, చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకున్నాకే పొట్టమీద వేసింది. "చూశావా?" అని మంచం సారు పక్కనున్న కుర్ర అధ్యాపకుణ్ణి మోచేత్తో పొడిచాడు. ఆ పిల్ల చెయ్యి కుడివైపు కిందకి జరిగి, ఆగాల్సిన చోట ఆగింది. రోగి మూలిగాడు. జవాబు ఆమె నాలుక చివరికొచ్చేసింది.

అప్పుడు తలెత్తి మంచం కాళ్ళవైపు చూసింది. అక్కడ సున్నం కొట్టిన గోడ తప్ప ఏమీ లేదు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అటు చూసింది. ఆ తరవాత ఆ చోటు వదిలేసి, తలనొప్పి ఉందా అని అడిగింది, నాలుక చాపమంది, గుండె చప్పుడు విన్నది. గంట మోగేసరికి ఏ జబ్బు పేరూ చెప్పలేకపోయింది.

కంగారు పడిందిలే అనుకున్నాడాయన. రెండో పిల్లాడూ అంతే. మూడోవాడు ఆ గోడని ఎంతసేపు చూశాడంటే, రోగి వేషంలో ఉన్న మనిషి కూడా మెడ తిప్పి అక్కడేముందా అని చూశాడు. అద్దం వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగో పిల్ల కూడా అటే చూసేసరికి ఎవరికీ నవ్వు రాలేదు.

"ఆ గోడమీద ఏముంది సార్, అందరూ అటే చూస్తున్నారు?" అని కుర్ర అధ్యాపకుడు నిజంగానే తెలియక అడిగాడు.

"నేను," అన్నాడు మంచం సారు.

తల కొట్టేసినట్టయింది ఆయనకి. ఇన్నేళ్ళూ వాళ్ళు రోగిని చూస్తున్నారని మురిసిపోయాడు. వాళ్ళు చూసింది తన నుదురు. తెలియక కాదు, జవాబు వాళ్ళకి తెలుసు. తెలిసింది పైకి అనడానికి ఒకరి సెలవు కావాలి. ఆ తిట్టే గురువు దుర్మార్గుడే, అయినా ఆయన దగ్గర తప్పయినా సరే గట్టిగా చెప్పే అవసరం పడింది. తన దగ్గర ఆ పిల్లలకి తప్పు చెప్పే అవకాశమే రాలేదు.

"ఒక్క పరీక్షేగా సార్, మనసుకి తీసుకోకండి," అంది పెద్ద డాక్టరమ్మ.

"నువ్వూ అలాగే చూసేదానివా?"

"మానుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది సార్," అందావిడ.

సాయంత్రం ఇంటికి కూతురొచ్చింది. ఆమె కూడా డాక్టరే, ఒకప్పుడు తండ్రి వెంట అదే వార్డులో నేర్చుకుంది. ఇప్పుడు ఊరి చివర ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. తల్లి ఫోన్లో సంగతి చెప్పగానే ఉన్నపళంగా బయల్దేరింది.

"అద్దంలోంచి చూసి మార్కులేస్తే అది వైద్యమా? నువ్వు దిగులు పడకు నాన్నా," అంటూ ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన జరిగింది చెబుదామని గొంతు సవరించుకునేలోపే ఆమె ఫోను మోగింది. అవతల ఆమె ఆసుపత్రి నర్సు.

"ఎప్పటినుంచీ నొప్పి? భుజం కూడా లాగుతోందా? నెల తప్పిందా? బీపీ ఎంత... ఇంకా పడిపోతోందా?" ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టింది. "నాన్నా, గర్భం ట్యూబులో పెరిగి పగిలినట్టుంది. లోపల రక్తం పోతోంది. ఆపరేషన్‌కి సిద్ధం చెయ్యమననా?"

జవాబు మొత్తం ఆమే చెప్పేసింది. చేర్చడానికి ఒక్క ముక్క కూడా లేదు. ఆయన మొహం కదలకుండా బిగబట్టి, నేలవైపు చూశాడు. ఈ ఒక్కసారి కూతురు తనంతట తనే అంటే చాలనుకున్నాడు.

"నాన్నా?" ఆమె లేచి, ఆయన మొహం కనిపించే వైపుకి వచ్చి వంగింది.

అక్కడ కూతురి ఆసుపత్రిలో మంచంమీద ఒక ఆడమనిషి తెల్లగా పాలిపోతోంది. ఆ మనిషి ప్రాణం పణంగా పెట్టి కూతురికి పాఠం చెప్పడం ఆయన వల్ల కాలేదు. తలూపాడు.

కూతురు ఫోను చెవికి పెట్టుకుని, ఎక్కడా తడబడకుండా, రక్తం దగ్గర్నుంచి మత్తు డాక్టరు వరకూ ఒక్క గుక్కలో పురమాయించింది. తాళంచెవులు తీసుకుంది. ఆమె మొహం తేటపడింది.

"చూశావా, ఏ బొమ్మ చెప్పగలదు ఇది? వాళ్ళు నీ క్లాసు మూసుకుంటే మూసుకోనీ నాన్నా. మా ఆసుపత్రిలో ఇప్పుడు పెద్దదాన్ని నేనేగా. నా దగ్గర చేరిన పిల్లలందరికీ నీ పద్ధతే నేర్పుతున్నా. నేనూ ఒక్కమాట అనను. నా మొహం చూసి తెలుసుకుంటారు," అంది చెప్పులు వేసుకుంటూ.

ఆయన చెప్పాల్సింది చాలా ఉంది. ఆమె వెళ్ళాల్సింది ఇప్పుడు. "త్వరగా వెళ్ళమ్మా," అన్నాడు.