అడక్కుండానే కుప్పం చూపించినవాణ్ణి

ఆ రోజుల్లో, అంటే మదనపల్లెలో మిద్దె మీది రెండు గదుల ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగం వచ్చిన కొత్తలో, జనానికి ఏం కావాలో జనం కంటే నాకే బాగా తెలుసని గట్టి నమ్మకం. అమ్మకానికున్న పశువులను, ఆవుల కోసం ఆబోతులను వెతికిపెట్టే యాప్ ఒకటి తయారుచేశాను. ఊరు, జాతి ఎంచుకుని నొక్కితే చాలు. కానీ అడిగింది అడిగినట్టు చూపిస్తే ఇక నా తెలివి ఎక్కడ కనబడుతుంది? అందుకని ఎక్కువమంది మెచ్చినవాటిని, ఏ ఊరివైనా సరే, పైకి తెచ్చాను. ఫోటో లేనివాటిని అట్టడుక్కి తోశాను. ఎవరు అంతకుముందు ఏం చూశారో దాన్నిబట్టి వాళ్లవాళ్లకు వరస మార్చాను. (ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సొంత తెలివి చెప్పుకుంటే బాగుండదని.)

ఒకనాడు పొద్దున్నే సదుంలో ఆవులు మేపుకునే ఒకావిడ ఫోన్ చేసింది. తర్వాత మా ఆఫీసంతా ఆమెను సదుమక్క అనే పిలిచేది. "అప్పా, మా పుంగనూరు ఆవు ఎదకొచ్చి ఉండాది. సదుంలో ఆబోతు కావాలని నొక్కితే నీ యాపు కుప్పంలో ఉండాదనింది. ఆవును లగేజీ ఆటోలో ఎక్కించుకోని పుంగనూరు దాకా వచ్చినా. ఇంగా ఎంత దూరం?" కుప్పం అక్కణ్ణించి ఇంకా రెండు గంటల దారి. ఎద దాటిపోతే మళ్లీ మూడు వారాలు ఆగాలి. అప్పటికే ఆ ఆవు రెండుసార్లు చూలు కట్టలేదట. ఈసారీ తప్పితే ఇంట్లోవాళ్లు అమ్మేస్తారట.

బండేసుకుని పుంగనూరుకు పరుగెత్తాను. రోడ్డు పక్కన ఆటో, ఆటోలో ఆవు, ఆవు పక్కన అక్క. నా ఫోన్‌లో వెతికితే నిమ్మనపల్లె వచ్చింది. మళ్లీ నొక్కితే వాల్మీకిపురం. ఆటో డ్రైవర్ ఫోన్‌లో ఏకంగా గేదె వచ్చింది. "అక్కా, ఇది మీ ఇష్టాన్ని కనిపెట్టి..." అని మొదలుపెట్టాను.

"నా ఇష్టం నేను చెప్పినా కదప్పా! సదుమంటే సదుమే సూపీ. లేకుంటే లేదను. మధ్యలో నీకు యాల ఈ పెత్తనం?"

ఆవు కూడా నావైపే చూస్తోంది. సిగ్గుతో తెరను కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయాను. అట్టడుగున, ఫోటో లేకుండా, సదుంలోనే ఒక పుంగనూరు ఆబోతు! యజమాని పేరు చూసి అక్క నోరు తెరిచింది. "ఈయప్ప మా ఎనక వీధే! ఎప్పుడు తెచ్చినాడో!" (వారం కిందటట.) ఆటో వెనక్కి తిరిగింది. దాని వెనకాలే వెళ్లి, పని అయ్యేదాకా పెళ్లిపెద్దలా అక్కడే నిలబడ్డాను.

ఆ వారమే నా తెలివినంతా తీసి పారేశాను. ఆ ప్రోగ్రాం రాసేటప్పుడు పడ్డ సంబరం గుర్తొచ్చి ఏడుపొక్కటే తక్కువ. ఊరు ఎంచుకుంటే ఆ ఊరే, ఎవరు నొక్కినా ఒకటే వరస, లేకుంటే "లేదు". తొమ్మిది నెలలు దాటాక అక్క ఫోన్ చేసి పెయ్యదూడ పుట్టిందని చెప్పింది. "మొన్న గొర్రెల కోసం ఎతికితే లేదనిందప్పా నీ యాపు. శానా బాగుండాది." నా బతుకులో అందుకున్న మొదటి మెచ్చుకోలు, ఏమీ చూపించనందుకు! అందరి మనసూ తెలుసుననుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం బెంగగానూ ఉంటుంది.