బావ చేతి ఉప్పు

ఆ రోజుల్లో ఆటగాడికి దాహం వేసిందంటే వాడికి క్రమశిక్షణ లేదని లెక్క. ఇప్పుడు మా మనవడు కాసేపు బాస్కెట్‌బాల్ ఆడటానికి వెళ్తూ కూడా రంగునీళ్ల సీసా సంచిలో పెట్టుకుంటాడు. ఏందిరా అది అంటే "ఎలక్ట్రోలైట్లు తాతయ్యా" అంటాడు. రుచి చూస్తే ఉప్పు, చక్కెర, నీళ్లు, కాస్త నిమ్మకాయ వాసన. ఆ ఉప్పు దగ్గరే నరసరావుపేటలో నాకెంత అన్యాయం జరిగిందో చెబితే వాడు నవ్వాడు. (ఆ నవ్వు కూడా గుర్తుపెట్టుకున్నాను.)

అప్పుడు నేను తాలూకా ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాని. మా అక్క మొగుడు మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారు. సాయంత్రం పూట అయ్యవార్లనీ గుమాస్తాలనీ పోగేసి బడి వెనక మట్టి కోర్టులో ఈ బుట్టబంతే ఆడించేవాడు. మా జట్టుకి కెప్టెనూ ఆయనే, వైద్యుడూ ఆయనే. చెమటతో పాటు ఒంట్లో ఉప్పు పోతుందని ఆసుపత్రి కాంపౌండరు ఎవరో ఆయనకి చెప్పారు. నీళ్లు కూడా పోతాయని ఆ కాంపౌండరు చెప్పలేదో, చెప్పినా ఈయన వినలేదో! "ఆట మధ్యలో తాగితే కడుపులో ఇంకో బంతి ఎగురుద్ది" అని నీళ్లు ముట్టనిచ్చేవాడు కాదు. నన్నయితే బంతే ముట్టనిచ్చేవాడు కాదు. అది కంపలో పడితే తెచ్చిపెట్టడమే నా ఆట.

ఒక ఎండాకాలం మాచర్ల జట్టు రైలెక్కి మా మీద ఆడటానికి వచ్చింది. మావాడొకడికి జ్వరం తగలడంతో, ఇక వేరే దారిలేక బావ నన్ను దించాడు. ఊరంతా చూస్తుండగా బుట్టలో రెండు బంతులు వేశాను. (ఒకటే అంటాడు బావ.) ఆట కాసేపట్లో ముగుస్తుందనగా, రెండు జట్లూ సమానంగా ఉండగా, నా పిక్క పట్టేసింది. కోర్టు మధ్యలో కూలబడ్డాను. ఆట ఆపించి, బావ జేబులోంచి కాగితం పొట్లం తీసి రాళ్ల ఉప్పు గుప్పిట్లోకి ఒంపుకున్నాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, చెయ్యి పట్టు."

నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. ఉప్పు చేతికిస్తే ఇద్దరికీ పడదని మా అమ్మ చిన్నప్పటినించీ నూరిపోసింది. ఎంత కాదన్నా అక్క మొగుడు, జన్మంతా కావలసినవాడు.

"కింద పెట్టు బావా, తీసుకుంటా."

"మట్టిలో పెట్టమంటావా? ఇదేమన్నా మీ అమ్మ వంటిల్లా?"

"పోనీ ఆ పొట్లంలోనే ఉంచి కింద పెట్టాల్సింది గదా!"

"ఇప్పుడు నాకు నీతులు చెప్పబాకు. చెయ్యి పడతావా, పట్టవా?"

"పట్టను."

అవతల ఈల మోగుతోంది. మాచర్లవాళ్లు నవ్వుతున్నారు. వాళ్లలో ఒకాయన "మాస్టారూ, పెళ్లి మాటలు తర్వాత మాట్లాడుకుందురు గాని, ఆట కానీయండి" అన్నాడు. బావ ముఖం కందిపోయింది. "ఉప్పుకి భయపడేవాడికి బంతెందుకు? పో బయటికి!" అని నన్ను గట్టు మీదికి తరిమి, తెలుగు పంతులుగారిని పంచె ఎగ్గట్టించి మరీ దించాడు. ఆట అయ్యాక అందరికీ పోద్దామని అక్క కుండతో మజ్జిగ తెచ్చి అక్కడే కూర్చుని ఉంది. అందులో ఇంత ఉప్పు కలిపి నా చేతికి చెంబిచ్చింది. "ఇట్టా తాగితే పోయేదానికి ఇద్దరూ ఊరందర్నీ నవ్విచ్చారు గదరా" అంది. చెంబు ఖాళీ అయ్యేసరికి ప్రాణం లేచొచ్చింది, కాసేపటికి పిక్కా వదిలింది. లేచి నిలబడి "బావా, నేను తయారు" అని అరిచాను. విన్నాడు. వినలేదంటాడు గానీ, విన్నాడు, నావైపు చూశాడు కూడా.

మేం ఓడిపోయి ఉంటే నాకీ బాధ లేకపోను. గెలిచాం. ఆఖరి బంతి బుట్టలో వేసింది పంతులుగారు!

ఆ ఉప్పు నా చేతిలో ఒక్క రాయి కూడా పడలేదు. అయినా బావా నేనూ ఆనాటినుంచి ఈనాటిదాకా పోట్లాడుకుంటూనే ఉన్నాం. ప్రతి ఆదివారం భోజనానికి వస్తాడు, పెరుగన్నం దాకా హాయిగా తిట్టుకుంటాం. ఆయన వెళ్లాక కుర్చీలో వాలి ఆ గట్టు మీద నిలబడ్డ కుర్రగుమాస్తాని తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసి వస్తాయి. ఎలాగూ పడేది కాదు గదా మాకు. చెయ్యి పట్టేసి, ఆ బంతేదో నేనే వేసి ఉండాల్సింది.