ఎవరి సిలిండరులో ఎంత మిగిలింది

ఆ దీవిలో పెద్ద గైడు అంటే అతనొక్కడే. టూరిస్టుల వీపుకి గాలి సిలిండరు కట్టి, చెయ్యి పట్టుకుని సముద్రం అడుగుకి దింపి, పగడపు దిబ్బలు చూపించి, మళ్ళీ క్షేమంగా పడవెక్కించడం అతని ఉద్యోగం. దిగబోయే ముందు అందరికీ ఒకటే పాఠం అప్పజెప్పేవాడు. "కింద ఏం మర్చిపోయినా ఫరవాలేదు, ఊపిరి తీయడం మర్చిపోకండి. గాలి మిగులుద్దాం అని బిగబట్టారో, ఇక అంతే సంగతులు." చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది గానీ, చెప్పడం మాత్రం మానలేదు.

అలాంటి మనిషికి బావమరిది రూపంలో వచ్చి పడింది గండం. భార్య తమ్ముడు ఊరికే తిరుగుతున్నాడని ఆవిడ పోరు పెడితే, తనే తీసుకొచ్చి డైవింగ్ షాపులో పెట్టించాడు. తనే నేర్పాడు. మొదటి రోజు మాస్కులోకి రెండు చుక్కల నీళ్ళు పోయేసరికి వాడు గిలగిలా కొట్టుకుంటూ పైకొచ్చాడు. ఆ పూట పెద్ద గైడు కడుపుబ్బ నవ్వాడు. తర్వాత అంతగా నవ్వుకునే అవకాశం వాడు మళ్ళీ ఇవ్వలేదు.

వాడికి నీళ్ళు వంటబట్టాయి. పగడాల సందుల్లో చిటికెన వేలంత చేప ఎక్కడ దాక్కున్నా వాడి కంట పడేది. దిబ్బ అంచున ఒక బొరియలో ఆక్టోపస్ ఒకటి ఉండేది. పెద్ద గైడు ఏళ్ళ తరబడి దాని గుమ్మం ముందు కాపలా కాసినా ఒక్కనాడు బయటికి రాలేదు. వాడు వెళ్ళి చెయ్యి చాపితే చాలు, కొత్తల్లుడికి ఎదురొచ్చినట్టు వచ్చేది. టూరిస్టులు షాపులోకి వస్తూనే "నిన్నటి కుర్రాడు లేడా?" అనడం మొదలెట్టారు. "ఉన్నాడు, కూర్చోండి" అనేవాడు పెద్ద గైడు, పళ్ళు కొరుక్కుని.

ఇంట్లోనూ శాంతి లేదు. అన్నం వడ్డిస్తూ భార్య, "మా తమ్ముణ్ణి ఇవాళ ఎవరో ఫొటో తీసుకున్నారటండీ" అనేది. అతనికి అన్నం సహించేది కాదు. కూర్లో ఉప్పు ఎక్కువైందని కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఉప్పు సరిగ్గానే ఉండేది.

వీటన్నిటినీ మించింది ఆ పడవలో ఉన్న ఒక రివాజు. పైకి రాగానే గైడులు తమ సిలిండరు మీటరు పడవ నడిపే ముసలాయనకి చూపించాలి. ఎవరి సిలిండరులో తక్కువ గాలి మిగిలితే, ఆ రోజు అందరి రబ్బరు సూట్లూ మంచినీళ్ళలో ఉతకాల్సింది వాళ్ళే. పని తెలిసినవాడు నింపాదిగా ఊపిరి తీస్తాడు, గాలి మిగులుస్తాడు. అందుకే ఆ మీటరు అంటే వాళ్ళకి పరువు. పెద్ద గైడు ఏళ్ళుగా ఆ సూట్ల తొట్టి దగ్గరికి వెళ్ళి ఎరగడు. ఇప్పుడు రోజూ అక్కడే. నీళ్ళలో వాడు ముందు పోతుంటే వెనక ఇతను ఉడికిపోయేవాడు. ఉడికిన కొద్దీ గాలి ఖర్చయ్యేది. తన గాలిని తన అసూయే తాగేస్తోందని తెలుసు. తెలిసి ఏం లాభం, ఆ సంగతి తలుచుకుంటే ఇంకాస్త ఉడుకు.

ఇంతలో షాపు ఓనరమ్మ బయటి దిబ్బకి కొత్తగా ట్రిప్పులు మొదలుపెడుతున్నానంది. అక్కడ లోతెక్కువ, ఉరవడి ఎక్కువ. ముందుండి నడిపించేవాడు ఒక్కడే ఉంటాడు, రెండోవాడు అతని మాట వినాలి. ఆవిడ లెక్క ఆవిడకుంది.

"ఆదివారం ఇద్దరూ కలిసి దిగండి. ఎవరి దగ్గర గాలి ఎక్కువ మిగిలితే వాళ్ళకే ఆ పని. లోతులో కంగారుపడేవాడు నాకొద్దు."

"బావ ఉండగా నాకెందుకండీ?" అన్నాడు బావమరిది.

ఆ వినయం చూస్తే పెద్ద గైడుకి ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది.

ఆదివారం ఇద్దరూ టూరిస్టుల్ని చెరిసగం పంచుకుని దిగారు. దిబ్బ మీద ఊదా రంగు పగడాలు, పసుపు చేపలు, వెలుగు. అవేవీ అతనికి కనపడలేదు. చూపంతా మీటరు ముల్లు మీదే. అది కదలకుండా ఉండాలంటే ఒకటే దారి, ఊపిరి తీయకుండా ఉండటం. ఒకసారి బిగబట్టాడు. ముల్లు ఆగింది. ఎంత హాయిగా అనిపించిందో. ఇంకోసారి బిగబట్టాడు, ఇంకాస్త ఎక్కువసేపు. ఇక అదే వరస అయిపోయింది. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ చెప్పిన పాఠం ఆయనగారికి మాత్రం వర్తించదన్నమాట.

ముందు నుదురు పోటు పెట్టింది. తర్వాత తల పగిలిపోతున్నట్టయి, కళ్ళు తిరిగాయి. దిబ్బ అంచు పట్టుకుని ఆగిపోయాడు. తన వెంట రావాల్సిన టూరిస్టులు ఎటు పోయారో తెలియలేదు. తెలుసుకోవాలన్న ఆలోచనా రాలేదు.

భుజం మీద చెయ్యి పడింది. బావమరిది. వాడు మాస్కులోంచి ఇతని కళ్ళలోకి చూసి, నోటి దగ్గర వేళ్ళు పెట్టి సైగ చేశాడు: బుడగలు రావడం లేదు, ఊపిరి తియ్యి. మళ్ళీ తియ్యి. ఇతని ఊపిరి కుదుటపడేదాకా చెయ్యి వదల్లేదు. తన గుంపుని కదలొద్దని దిబ్బ పక్కనే ఆపి, ఉరవడికి ఎదురీదుకుంటూ పోయి, చెల్లాచెదురైన బావగారి గుంపుని ఒక్కొక్కరినే పోగేసి తెచ్చాడు. అంత ఈతకి ఎంత గాలి పోతుందో వేరే చెప్పాలా.

పడవెక్కాక ముసలాయన ఇద్దరి మీటర్లూ చూశాడు. "పెద్దాయనదే పైచెయ్యి" అన్నాడు.

బావమరిది నవ్వి, ఒడ్డు చేరగానే రబ్బరు సూట్లు చంకన పెట్టుకుని తొట్టి వైపు నడిచాడు. జరిగిందాంట్లో ఒక్క ముక్క ఎవరికీ చెప్పలేదు.

పెద్ద గైడు వెనకే వెళ్ళాడు. "ఎందుకు చెప్పలేదురా?"

"ఏం చెప్పాలి బావా?" వాడు సూటు పిండుతూనే అన్నాడు. "తలనొప్పి తగ్గిందా?"

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఆక్టోపస్సు వాడిదే, టూరిస్టులు వాడివాళ్ళే, ఇంట్లో ఊసు వాడిదే. ఇప్పుడు ఈ పెద్దమనిషి తరహా కూడా వాడికే దక్కింది. తనకి మిగిలిందల్లా సిలిండరులో గాలి.

నేరుగా ఓనరమ్మ గదికి వెళ్ళాడు. ఆవిడ కొత్త ట్రిప్పుల బోర్డు మీద అతని పేరు రాయబోతోంది.

"నా పేరు వద్దండీ. వాడిది రాయండి."

"అదేంటి, గెలిచింది నువ్వేగా?"

"ఊపిరి బిగబట్టి గెలిచానండీ. కింద కళ్ళు తిరిగాయి. నా గుంపుని వదిలేశాను. వాడే నన్నూ వాళ్ళనీ చూసుకున్నాడు. అందుకే వాడి గాలి అయిపోయింది."

ఓనరమ్మ చాక్‌పీసు పక్కన పెట్టింది. "మరి ఆ అబ్బాయి నాతో ఒక్క మాటా అనలేదే?"

"అనలేదండీ" అన్నాడు పెద్ద గైడు. "నా ఏడుపంతా అదే."