నాయన నడిచిన నడకలు

పోయిన నెలలో ఒక పొద్దున పులివెందుల నుంచి చెల్లెలు ఫోను చేసింది. "నాయన పోయినాడన్నా" అనింది. చేతిలోని కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. తొంభై దాటిన తండ్రి పోతే డెబ్బై దగ్గరపడిన కొడుక్కి దుఃఖం రావాలి. నాకు ముందుగా వచ్చింది భయం. అది నాకు కొత్త కాదు. మా నాయన జనాన్ని నవ్వించినన్నాళ్ళూ నేను పక్కన నిలబడి భయపడుతూనే ఉన్నాను. ఊరంతా నవ్వింది, నేను ఒక్కనాడూ నవ్వలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నాయన ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో చీరలు చూపించే పని చేసేవాడు. మా ఊరి సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. పెళ్ళి బట్టలకని వచ్చినవాళ్ళు ముందు బంగారం అంగడికి పోతారు, అక్కడ ఒకరి మీద ఒకరు అలుగుతారు, ఆ అలకతోనే మా దగ్గరికి వస్తారు. కాబట్టి మాకు చీర అమ్మడం సగం పనైతే, మొగుడూ పెళ్ళాలను మళ్ళీ మాట్లాడించడం తక్కిన సగం. నేనూ ఆ అంగడిలోనే చీరలు మడత పెట్టేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేసిన నాకు మిగతా చదువంతా పొట్లాలు కట్టే పాత పత్రికల్లో దొరికింది. చాలా కథలకు చివరి పేజీ ఉండేది కాదు. సరే, అది వేరే సంగతి.

చీర అమ్మేవాడు దాన్ని తన మీదే వేసుకుని చూపించడం మా దగ్గర మామూలే. చొక్కా మీద కుచ్చిళ్ళు దోపి, పైట భుజాన వేసుకుని నిలబడతారు. మిగతావాళ్ళు అంతటితో ఆగేవాళ్ళు. నాయన ఆగేవాడు కాదు. చీర ఎవరికని అడిగేవాడు. పెళ్ళికొడుకు మేనత్తకని చెబితే ఆ మేనత్త అయిపోయేవాడు. మీసాలున్న మేనత్త తెల్ల పరుపు మీద అటూ ఇటూ తిరుగుతూ, పెళ్ళిలో తన విస్తట్లో ఆలస్యంగా వడ్డించారని మూతి తిప్పేది. ఆడవాళ్ళు నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వేవాళ్ళు. నేను మాత్రం ఆయన్ను చూసేవాణ్ణి కాదు. వచ్చినవాళ్ళ ముఖాలు చూసేవాణ్ణి, ఎవరి ముఖంలో నవ్వు ఆగిపోతుందోనని.

ఒకనాడు మధ్యాహ్నం ఒక పెద్ద ఇంటి ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళది జమ్మలమడుగు అవతల పల్లె. అంగడి ముందర జీపు ఆగి ఉంది. ఊళ్ళ మధ్య కక్షలు నడిచే ఆ రోజుల్లో అట్లాంటి జీపు అంటే, దాని పక్కన నిలబడే మనుషులు అంటే ఏమిటో మా జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. పెళ్ళికొడుకు అవ్వకు చీర కావాలన్నారు. నాయన మామిడిపండు రంగు పట్టుచీర చుట్టుకుని అవ్వ అయ్యాడు. నడుము వంచి, ఒక కాలు ఈడుస్తూ నడిచాడు. ముసలమ్మ అన్నాక అట్లా నడుస్తుందని ఆయన ఊహ, అంతే. నలుగురిలో ఒక్కరూ నవ్వలేదు. గుమ్మం వైపు చూద్దును గదా, జీపులోంచి దిగిన ఆ అవ్వ కాలు ఈడ్చుకుంటూ లోపలికి వస్తోంది.

ఆమె గడప దగ్గరే నిలబడి నాయన నడకను చివరిదాకా చూసింది. అట్లాగే వెనక్కి తిరిగి పోయి జీపెక్కింది. ఆడవాళ్ళూ లేచిపోయారు. నాయన ఒంటి మీది చీరను యజమాని తన చేతులతోనే విప్పాడు.

మూడోనాడు కబురు వచ్చింది. చీరలు తీసుకుని, ఆ నడిచిన మనిషినే ఇంటికి రమ్మన్నారు. యజమాని మొదట పోవద్దన్నాడు. పోకుంటే వాళ్ళే అంగడికి వస్తారని గుర్తొచ్చి, ఆయనే పొమ్మన్నాడు. మూట ఎత్తుకుని నేనూ వెంట పోయాను. దోవలో నాయన బస్సు కండక్టరును నవ్వించాడు. నాకు ఒళ్ళు మండింది. జమ్మలమడుగులో బస్సు మారి, ముద్దనూరు దోవలో పెన్న దాటేటప్పుడు, ఒక్కణ్ణే తిరిగి వస్తే మా అమ్మకు ఏమని చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను.

ఆ ఇంటి వసారాలో పదిమందిదాకా మగవాళ్ళున్నారు. మమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది.

"కట్టుకోప్పా. ఆపొద్దు నడిచినట్లే నడువు."

ఎన్నడూ జారని కుచ్చిళ్ళు నాయన చేతుల్లోంచి రెండుసార్లు జారాయి. మూడోసారి దోపుకుని, ఆ మగవాళ్ళ ముందర ఈ చివరి నుంచి ఆ చివరికి కాలు ఈడుస్తూ నడిచాడు. ఏమాత్రం తగ్గించలేదు. నేను ఒక స్తంభాన్ని ఆనుకుని, వసారాలోని ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాను.

"ఆ కాలు కాదప్పా," అనింది అవ్వ. "నాది ఎడమ కాలు."

నాయన ఆగాడు. కాలు మార్చాడు. మళ్ళీ మొదటి నుంచి నడిచి, మంచం దాకా వచ్చి, "ఇప్పుడు సరిపాయనా అమ్మా?" అన్నాడు.

అవ్వ నవ్వింది. పళ్ళు లేని నోటితో, మంచం కిర్రుమనేటట్లు నవ్వింది. కొడుకులు ముందు ఆమె ముఖం చూసి, ఆ తర్వాత నవ్వారు. "నేను నడుస్తాంటే ఈ ఇంట్లో అందరూ నేల చూస్తారప్పా. ఎట్ల నడుస్తాండానో నాకు ఈపొద్దు తెలిసింది" అని, ఆ మామిడిపండు చీరే ఉంచుకుంది.

తిరుగు దోవలో జమ్మలమడుగు బస్టాండులో టీ తీసుకున్నాం. నాయన చేతిలో గ్లాసు నిలవలేదు, సగం టీ పంచె మీద పడింది. మిగిలిన సగం నేనే పట్టి తాగించాను. ఇంత భయం పెట్టుకుని ఎందుకు చేస్తావని అడిగాను.

"యాడ చేసినా భయమేరా నాకు. ఎదుటోళ్లు నవ్విందాక ఊపిరాడదు. నవ్వినాక శానా బాగుంటాది." బస్సుల వైపు చూస్తూ, "నువ్వే ఒక్కసారి గూడా నవ్వలా" అన్నాడు. నిష్ఠూరం కాదు. బస్సు ఇంకా రాలేదని చెప్పినట్లు చెప్పాడు.

అంగడి మానేశాక, అమ్మ పోయాక, పులివెందులలో చెల్లెలి దగ్గరే ఉన్నాడు. అక్కడ పాలు పోసే ఆమెను, సూది వేసే కాంపౌండరును వాళ్ళ ముందే అనుకరిస్తూ చేసి చూపించేవాడట. చెల్లెలు ఫోనులో చెప్తూ నవ్వేది. నేను, వాళ్ళేమీ అనుకోలేదు గదా అని అడిగేవాణ్ణి.

ఆయన పోవడానికి మూడు రోజుల ముందు చూసి రావడానికి వెళ్ళాను. అప్పటికి మాట పడిపోయింది. కళ్ళు మాత్రం బెదురుగా గదంతా తిరుగుతున్నాయి. నన్ను చూడగానే ఆ తిరగడం ఆగింది. పెదవులు బిగించాడు, చెంపలు లోపలికి పీల్చాడు, కనుబొమ్మలు రెండూ నొసటి మీదికి ఎత్తి పెట్టి, దించలేదు. ప్రాణం మీదికి వచ్చిందనుకుని చెల్లెల్ని కేక వేశాను. ఆమె తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, చూసి, గోడకు ఆనుకుంది.

"నిన్నట్నుంచీ అదే పెడతాండాడన్నా. నిన్ను చేస్తాండాడు. అంగట్లో పక్కన నిలబడి నువ్వు పెట్టే మొగం అది."

నవ్వబోయాను. నా పెదవులు కదిలాయో లేదో నాకు తెలియదు, చెల్లెల్ని అడగడానికి ఈ రోజుకీ ధైర్యం చాలలేదు. నాయన మాత్రం ఎత్తిన కనుబొమ్మలు ఎత్తినట్లే ఉంచి, ఊపిరి బిగబట్టి, నా నోటి వైపే చూస్తూ ఉన్నాడు.