ఇంకోటి మాస్టారు

ఒక సదస్సులో వేదికెక్కే ముందు మా మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. ప్యాంటు వెనక జేబులో కళ్లజోడు ఉంది. విరిగింది. ఇలాంటి అవసరం వస్తుందనే ఆయన రెండో కళ్లజోడు కూడా తెచ్చుకున్నారు. అది రెండో వెనక జేబులో ఉంది. ఆయన ఉపన్యాసం మొత్తం తెర అనుకుని అటువైపున్న గోడను చూస్తూ, ఒక్క తప్పు లేకుండా ముగించారు.

ఆయనకు ప్రతిదీ ఇంకోటి ఉండాలి. గొడుగులు రెండు, చేతికి గడియారాలు రెండు. రెండో తాళంచెవి ఎక్కడ దాచారో రాసుకున్న కాగితానికి నకలు ఒకటి. అందుకే మాకు ఆయన ఇంకోటి మాస్టారు. ‘నా ఒక్కదాని విషయంలోనే ధైర్యం చేశారు’ అనేవారు ఆయన భార్య.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసే మా పని అనలాగ్ చిప్పులు గీయడం. చిటికెనవేలి గోరంత సిలికాన్ ముక్కను నలుగురం పంచుకునేవాళ్లం, అదీ ఏడాదికొక్కసారి. ఫ్యాక్టరీకి పంపితే అయిదు నెలలకు తిరిగొస్తుంది. పనిచేస్తే థీసిస్, లేకపోతే మరో ఏడాది. నాకు మరో ఏడాది లేదు. స్కాలర్‌షిప్ అయిపోయింది. జూన్‌లోగా థీసిస్ ఇస్తేనే ఉద్యోగమని ఒక కాలేజీవాళ్లు చెప్పేశారు. ముక్కలో ఒక పావు మాస్టారిది. తొమ్మిదేళ్లుగా ఆగిన ప్రమోషన్‌కు ఆయనకూ పనిచేసే చిప్పు ఒకటి కావాలి.

నేను గీసిన రకం సర్క్యూట్‌కు కరెంటు ఇచ్చినంత మాత్రాన మెలకువ రాదు. తట్టి లేపడానికి పక్కనే బుల్లి సర్క్యూట్ ఒకటి పెడతారు. కంప్యూటర్‌లో పరీక్షిస్తే నాది అది లేకుండానే లేస్తోంది. తీసిపారేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

“లేవకపోతే?” అన్నారు మాస్టారు.

“వెయ్యిసార్లు చూశాను సార్. లేచింది.”

“కంప్యూటర్‌లో అందరూ లేస్తారమ్మా.”

అయినా నా లెక్కలన్నీ రెండుసార్లు చూసి, బాగుందని సంతకం పెట్టారు. చివరి ఫైలు ఫ్యాక్టరీకి పంపేది ఆయనే.

చిప్పులొచ్చాయి. కరెంటు ఇచ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అయిదు చిప్పులు మార్చాను. వేడిగాలి ఊదాను. ఎవరూ లేనప్పుడు బతిమాలాను కూడా. గడువు ఇంకా మూడు వారాలుంది.

మాస్టారు వచ్చి, మైక్రోస్కోపులో తన పావు చూడమన్నారు. అక్కడ ఆయన సర్క్యూట్ లేదు. నాదే ఉంది, పక్కన తట్టి లేపే బుల్లిదానితో సహా. దాని పిన్నులకు కరెంటు ఇచ్చాను. ఒక్క క్షణం ఆలోచించి, లేచింది.

కొలతలు పదిరోజుల్లో అయ్యాయి. నాకు ఉద్యోగం వచ్చింది. ఆయన ప్రమోషన్ పదో ఏట అడుగుపెట్టింది. కళ్లు తుడుచుకోవడం అయ్యాక నాకు ఉక్రోషం వచ్చింది. తిన్నగా ఆయన గదికి వెళ్లి, నా మీద మీకు నమ్మకమే లేదన్నమాట అని నిష్ఠూరమాడాను.

“నీ మీద లేక కాదమ్మా, అది బాగుందని సంతకం పెట్టినవాడి మీద లేక.”