బోర్డు మీద ఖాళీ జాగా

నా చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే గాలి వచ్చేది. ఇప్పుడు అద్దం బిగుసుకుపోయి ఉంటుంది. మూసింది తెరుచుకోదు, తెరిచింది మూసుకోదు. ఆళ్లగడ్డలో ఎక్కి నంద్యాలలో దిగేసరికి దారిలో దుమ్ము సగం నా మీదే ఉంటుంది. ఫిర్యాదు చేసే ఓపిక కూడా లేదు గనుక ఇంతటితో వదిలేస్తున్నాను.

గాలి వచ్చే ఆ రోజుల్లో, అలాంటి కిటికీ పక్కనే మా నాయన ఒక పాఠం నేర్చుకున్నాడు. ఒళ్లో నేనున్నాను కాబట్టి నాకూ కొంచెం అంటింది.

ఆళ్లగడ్డ బయట, రోడ్డు వారగా, ఆయన టిఫిన్ల హోటలు పెట్టాడు. బోర్డు రాయించే ముందు ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. పైన ఇంటి దేవుడి పేరు ఉండాలి. కింద ‘ఆశీస్సులతో’ అంటూ నాయనను కన్న జేజినాయన, జేజి, ఆ తర్వాత అండగా నిలిచిన ఆయన అన్న, మా పెద్దనాయన. ఆయన పేరుంటే మా మేనమామ పేరు ఎందుకుండదు? అందరూ ఎక్కారు. ‘టిఫిన్లు’ అనే మాట మాత్రం అడుగున, మిగిలిన చోట్లో ఒదిగి కూర్చుంది. ఎరుపు మీద నీలం అక్షరాలు మేనమామ ముచ్చట. బోర్డు రాసిన పక్కింటి పెయింటర్ మామ వద్దన్నాడు. బంధువులు ఇంతమంది ఉండగా ఆయన మాట ఎవరు వింటారు?

ఇడ్లీలు బాగుండేవి. మిగిలినవన్నీ మేమే తినేవాళ్లం కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. చివరికి అమ్మ, మూసేద్దామంది.

అప్పుడు పెయింటర్ మామ మమ్మల్ని వెనక ఊరిదాకా నడిపించి, తిరిగి ఆళ్లగడ్డకు వచ్చే బస్సు ఎక్కించాడు.

“మన హోటలు వస్తాంది. బోర్డు సదువన్నా.”

నాయన మెడ బయటికి చాచి దేవుణ్ణి చదివాడు, జేజినాయనను చదివాడు. “మా యన్న పేరు... ఏందప్పా, అంగడి యాడికి పాయ?”

“పాయ. నీ బేరం గూడా అట్లే పోతాండాది.”

మర్నాడు బోర్డంతా తెల్లరంగు పడింది. నడుమ నల్లగా, పెద్దగా ‘ఇడ్లీ దోసె’. చుట్టూ ఏమీ లేదు. ముందు బేతంచెర్ల బండల లారీలు ఆగాయి, తర్వాత బస్సులు. హోటలు నిలబడింది.

మా మనవరాలు ఇప్పుడు డిజైన్ చదువుతోంది. కన్ను ముందు దేని మీద పడాలో తేల్చడాన్ని హైరార్కీ అంటారట. మా మొదటి బోర్డు మీద పెద్దనాయన తర్వాతే దోసె. అక్షరం వెనక రంగులో కలిసిపోకుండా తేలడం కాంట్రాస్ట్. కావాలని వదిలిన చోటు వైట్ స్పేస్. అదుంటేనే మిగతాది కనబడుతుందని ఫోన్లో ఓపికగా చెబుతుంది. నేనూ అంతే ఓపికగా వింటాను. ఆ చోటు కోసం ఎవరిని దింపాలో మాత్రం వాళ్ల పాఠాల్లో ఉన్నట్టు లేదు.

పెద్దనాయన ఆ వారమే వచ్చాడు. రోడ్డు అవతలే నిలబడి బోర్డు చాలాసేపు చూశాడు. నాయన గరిటెతోనే బయటికొచ్చి, లోపలికి రమ్మన్నాడు. ఆయన రాలేదు. ఇప్పటికీ ఏ కాగితం మీదైనా తెల్లటి ఖాళీ కనబడితే, నాకు ముందు పెద్దనాయన గొంతే వినబడుతుంది.

“అంత జాగా ఖాళీగా పెట్టినావు గదరా. ఆడ నా పేరుకు చోటు లేకపాయనా?”