నీళ్లపొయ్యిలో కాలిన కాగితం

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు మా మరిది జైలు నుంచి ఇంటికొచ్చాడు. బోరు నీళ్ల దగ్గర జరిగిన కొట్లాటలో ఒకతని తల పగలగొట్టి నాలుగేళ్లు లోపలున్నాడు. అక్కడి వస్తువేదీ గడప దాటకూడదని మా అత్తమ్మ పట్టు. చావుకు పోయి వచ్చినట్టే వాకిట్లో తలస్నానం, విడిచిన బట్టలు నీళ్లపొయ్యిలోకి. ఆ పని నాకు అప్పజెప్పింది.

సంచి దులిపాను. ఒక జత బట్టలు, సబ్బుముక్క, ప్లాస్టిక్ కవరులో ఒక దళసరి కాగితం. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుంటే పైన ‘జైలు’ అన్న మాట దొరికింది. ఇక కిందికి పోలేదు. చుట్టాల కంట పడితే ఎట్లా అనుకుని దాన్ని కూడా పొయ్యిలోకి తోశాను. ఆ మంటకు కాగిన నీళ్లతోనే అతను స్నానం చేశాడు.

వారం తిరక్కుండానే షాద్‌నగర్ బేకరీలో మనుషులను తీసుకుంటున్నారని విని వచ్చాడు. జైల్లో బన్నులు, బిస్కెట్లు చేయడం నేర్చుకున్నాడట. ఆ పని వచ్చునని జైలువాళ్లు రాసిచ్చిన కాగితమే నేను కాల్చింది.

“వదినా, నా సంచిల కాయితముండె. చూసినవా?”

“నేనేం చూడలే. బస్సులనే పడ్డదేమో.”

మా అత్తమ్మ మంచం మీదినుంచే అందుకుంది. “గా జైలు కాయితం చూపిస్తే నౌకరిస్తరారా, తరుముతరా?”

“ఇస్తరే అమ్మా. పని నేర్చినోళ్లే కావాల్నట.”

అతనితోపాటు నేనూ వెతికాను. బియ్యం డబ్బా వెనక, దేవుని పటాల వెనక, పరుపు కింద. ఆ పొయ్యిలోని బూడిదతో అప్పటికే గిన్నెలు తోమేశాను.

ఇంకో కాగితం కావాలంటే మళ్లీ అక్కడికే పోవాలి. సచ్చినా గా గేటు ముంగట నిలబడనని వచ్చిన రోజే అన్న మనిషి. సంతకం పెట్టే సారు లేడని రెండుసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. మూడోసారి దొరికింది.

“గేటుకాడ ఒకాయన ‘ఏంరా, యాదికొచ్చినమా? గింత జల్దినే మళ్లొచ్చినవ్’ అన్నడు వదినా” అని నవ్వుతూనే చెప్పాడు. నేను పొయ్యి ముందు నుంచి లేవలేదు.

బేకరీవాళ్లు కాగితం చూసి, ఒకరోజు పిండి కలిపించి పనిలో పెట్టుకున్నారు. ఆ ఆదివారం దాన్ని లామినేషన్ చేయించి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“నీ పెట్టెల పెట్టు వదినా. నా తాన నిలుస్తలేదు. నీ దగ్గరైతే పదిలముంటది.”

ఇప్పటికీ నా పెండ్లిచీర మడతలోనే ఉంది. నేను కాల్చానని అతనికి ఇంతవరకు చెప్పలేదు. వచ్చినప్పుడల్లా బన్నుల పొట్లం తెస్తాడు. పిల్లలు పోటీపడి తింటారు. నాకు పంటినొప్పి అని చెబుతాను. అయినా నా వాటాకని ఒక మెత్తటి బన్ను పక్కకు తీసి పెట్టే పోతాడు.